ఐదో తరం

"కాలరు దగ్గర ఇంకోసారి పెట్టు, ముడత కనిపిస్తోంది" అన్నాడు భర్త, అద్దంలోంచే చూస్తూ.

ముత్యాలు ఇస్త్రీపెట్టె మళ్ళీ ఆనించింది. కాలేజీలో లెక్కలు చెప్పే మనిషికి మామూలు రోజున ఈ తెల్ల చొక్కా ఏమిటని అడగాలనిపించింది. అడిగితే "నీకెందుకు" అంటాడు. ఆ మాట పడి, ఆ తర్వాతయినా ఇస్త్రీ చేసి ఇవ్వాల్సిందే. అడక్కుండా చేసి ఇచ్చేస్తే ఒక మాట తప్పుతుంది. పందొమ్మిదేళ్ళ కాపరంలో ఆమె నేర్చుకున్న పొదుపు అది. కాలరు సాఫీ చేసి, గుండీలు సగం వరకు పెట్టి, వెచ్చగా ఉండగానే చేతికందించింది. "ఆఁ" అన్నాడు. అది ఆయన భాషలో మెచ్చుకోలు.

ఆ చొక్కా వేసుకుని ఆయన వెళ్ళింది లాయరు ఆఫీసుకి. తమ పెళ్ళి అసలు పెళ్ళే కాదని రాసిన అర్జీ మీద సంతకం పెట్టడానికి.

ఆ సంగతి ఆమెకి పదకొండు రోజుల తర్వాత తెలిసింది. అంట్లు తోముతుంటే గుమ్మంలో కోర్టు బంట్రోతు నిలబడ్డాడు. సంతకం చెయ్యాలన్నాడు. ఆమె చేతులు మోచేతుల దాకా సబ్బునురుగు. "తుడుచుకు రండమ్మా, తొందరేం లేదు" అని గోడవైపు తిరిగి, కలం మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు. అతను తెచ్చిన కాగితం ఎలాంటిదో అతనికి తెలుసు గనక అలా నిలబడ్డాడని ఆమెకి తర్వాత అర్థమైంది. ఆ ఏడాది మొత్తంలో ఆమెతో తొందరేం లేదన్న మనిషి అతనొక్కడే.

వంటింటి గట్టు మీద పెట్టుకుని చదివింది. హిందూ వివాహ చట్టం ప్రకారం అర్జీదారు, ప్రతివాది సపిండులు. ఇద్దరికీ తండ్రివైపు నుంచి ఐదో తరంలో మూలపురుషుడు ఒక్కడే. అలాంటివారి మధ్య జరిగిన పెళ్ళి మొదటి నుంచీ చెల్లదు, కనక చెల్లనట్టు ప్రకటించవలసిందిగా ప్రార్థన. రుజువుగా జతపరిచినది: వంశవృక్షం, ఒకటి.

మడత విప్పి చూసింది. నకలులో కూడా గీతలు ఎక్కడా వంకర పోలేదు. అక్షరాలన్నీ ఒకే ఎత్తు. అవి ఆమె అక్షరాలు.

ఆమెకి ముత్యాలన్న పేరు తెచ్చింది ఆ అక్షరాలే. పెట్టినాయన మామగారు. పోస్టుమాస్టరుగా చేసి రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక, తమ వంశం మొత్తం ఒక కాగితం మీదికి ఎక్కించాలని పూనుకున్నాడు. కోడలు సర్వే ఆఫీసులో ట్రేసరు. పాత పటాల మీద పల్చటి కాగితం పరిచి, గీతకి గీత నకలు తీయడం ఆమె పని. ఇంట్లో ఇంత పనిమంతురాలు ఉండగా బయటివాళ్ళకి ఎందుకివ్వాలని, ప్రతి ఆదివారం అంట్లు అయ్యాక, బట్టలు అయ్యాక, ఆమెని డైనింగ్ టేబులు దగ్గర కూర్చోబెట్టేవాడు. ఏడు నెలలు పట్టింది. పోనీలే, ఆయన మెత్తని మనిషి. ఆమె గీస్తున్నంతసేపూ టీ చల్లారిపోకుండా కప్పు మీద సాసరు బోర్లించి పెట్టేవాడు. ఆ ఇంట్లో ఆమె టీ వేడిగా తాగింది ఆ ఏడు నెలలే.

అయితే ఆయనకొక నియమం ఉండేది. చార్టులో మగవాళ్ళే ఉండాలి. "ఆడపిల్లల్ని కూడా రాస్తే కాగితం చాలదమ్మా ముత్యాలూ. వాళ్ళు ఎలాగూ ఇంకో ఇంటి చార్టులో ఉంటారు కదా" అనేవాడు. ఇంకో ఇంటి చార్టు గీసేవాళ్ళు కూడా అదే అంటారేమోనని ఆమెకి అనిపించింది గానీ అనలేదు. ఒక్కసారి మాత్రం అడిగింది. ఆమెని పెంచింది నాయనమ్మ. ఆ నాయనమ్మ పుట్టింది ఈ వంశంలోనే. మామగారి తండ్రికీ ఆవిడకీ తాత ఒకడే. "మా నాయనమ్మనొక్కదాన్నీ రాసుకోనా మావయ్యగారూ?" అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రాసుకో తల్లీ. చిన్న అక్షరాలతో రాసుకో" అన్నాడు.

రాసుకుంది. నాయనమ్మ కింద తన తండ్రి, తండ్రి కింద తను. తనని పక్కన పెడితే, ఐదు తరాల మగవాళ్ళ మధ్య నాయనమ్మ ఒక్కతే ఆడమనిషి. ఇప్పుడు ఆ నకలులో ఎవరో ఆ పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. ఆ పేరు రాసుకోకపోయి ఉంటే కోర్టుకి చూపించడానికి భర్త దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఆ సాయంత్రం ఆయన కాలేజీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చున్నాడు. కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. "వచ్చిందా" అన్నాడు, గ్యాస్ బండ గురించి అడిగినట్టు. తర్వాత వేళ్ళు ముడుస్తూ పాఠం చెప్పినట్టే చెప్పాడు.

"చూడు. చట్టంలో మనిషిని ఒకటిగా పెట్టి పైకి లెక్కపెట్టాలి. నేను ఒకటి, నాన్న రెండు, తాతయ్య మూడు, ముత్తాత నాలుగు, ఆయన తండ్రి ఐదు. నువ్వు ఒకటి, మీ నాన్న రెండు, మీ నాయనమ్మ మూడు, ఆవిడ తండ్రి నాలుగు, ఆయన తండ్రి ఐదు. ఆ ఐదోవాడు ఇద్దరికీ ఒకడే. తల్లివైపైతే మూడు తరాలు చూస్తారు, తండ్రివైపు ఐదు. ఒక్క తరం అవతలికి పోయుంటే బతికిపోయేవాళ్ళం. పెద్దవాళ్ళు వరస చూశారు గానీ లెక్క చూడలేదు."

"వరస మీకు నచ్చే చేసుకున్నారు కదండీ. బావా బావా అని పిలిపించుకున్నారు."

"అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది. తెలిసీ ఊరుకుంటే తప్పు కదా?"

ఆయన గొంతులో నీతి వినపడినప్పుడల్లా దాని వెనక ఇంకెవరో ఉంటారు. ఈసారి కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఆవిడ ఉంది. ఆ సంగతి ఆమెకి రెండేళ్ళుగా తెలుసు. తెలుసని ఆయనకీ తెలుసు. విడాకులంటే కారణం చూపించాలి, చూపించడానికి ఆమెలో ఏ తప్పూ దొరకలేదు. అందుకని ఆమె పుట్టుకలో వెతికాడు.

"పైగా నీకూ మంచిదే" అన్నాడాయన. "విడాకులు తీసుకున్నదన్న పేరు రాదు. పెళ్ళే కానట్టు లెక్క. అమ్మాయికేం కాదు, అది కూడా కనుక్కున్నాను. చెల్లని పెళ్ళిలో పుట్టినా పిల్లలు సక్రమ సంతానమే అని చట్టంలోనే ఉంది. తనకి తండ్రి ఉంటాడు, తల్లి ఉంటుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు."

అమ్మాయికి పదిహేడేళ్ళు. ఫోను లోంచి తలెత్తకుండా, "నువ్వు సంతకం పెట్టేస్తే అయిపోతుంది కదమ్మా, ఎందుకీ గోల" అంది. ఆ అమ్మాయికి తండ్రి ముందే పాఠం చెప్పేశాడని ముత్యాలుకి తెలిసింది. తండ్రి ఉన్నాడు, తల్లి ఉంది, మధ్యలో పుట్టిన బిడ్డ ఉంది. భార్య ఒక్కతే లేదు. ఆయన వేసిన లెక్క ఎంత శుభ్రంగా ఉందంటే, కొట్టివేతలు లేవు, మిగిలింది సున్నా, ఆ సున్నా తను.

ఆ పూట ఆమె వంట చెయ్యలేదు. గదిలోకి వెళ్ళి కూర్చుంది. అరగంట గడిచాక అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం ఇరవైల్లోనే ఉంది.

"ఏమే, ఈ పూట పస్తా మాకు?"

"నేను మీ కోడల్ని కాదట అత్తయ్యా. కాగితం వచ్చింది."

"కోడలివి కాకపోతే పోయావు, చుట్టానివి అవుతావుగా! ఆ కాగితంలో ఉన్నదే అది. పెళ్ళి చెల్లకపోతే చుట్టరికం చెల్లదా? లే, లేచి వడ్డించు."

హాల్లోంచి నవ్వు వినిపించింది. తల్లి మాటకి కొడుకు నవ్వాడు. చాలా ఏళ్ళ తర్వాత తల్లీకొడుకులు ఒక మాటకి కలిసి నవ్వడం అదే. ముత్యాలు లేచింది. ఎందుకు లేచిందో ఆమె తర్వాత చాలాసార్లు ఆలోచించుకుంది. భయం కాదు. అలవాటు. పొయ్యి దగ్గరికి కాళ్ళు వెళ్ళిపోతాయి, మనసు వెనక వస్తుంది. బియ్యం కడుగుతూ ఆమె ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూసింది. ఏ నెత్తురైతే తనని భార్య కాకుండా చేసిందో, ఆ నెత్తురే తనని ఈ పొయ్యి దగ్గర నిలబెట్టింది.

ఆఫీసులో ఈ సంగతి రెండు రోజుల్లో పాకింది. ఆమె పన్నెండేళ్ళుగా అక్కడ తాత్కాలికం. పటం కింద మూలన ఒక చిన్న గడి ఉంటుంది, 'గీసినవారు' అని. గీసేది ఆమె, ఆ గడిలో సంతకం మాత్రం పెద్ద డ్రాఫ్ట్స్‌మన్‌ది. ఆయన ఆ రోజు సంతకాలు పెడుతూ, నలుగురూ వినేట్టు, "ఇప్పుడు మిమ్మల్ని ఏమని రాయాలమ్మా హాజరు పట్టీలో? శ్రీమతి అనా, కుమారి అనా?" అన్నాడు. నలుగురూ కిందికి చూసి నవ్వారు. పక్క బల్ల మీద పనిచేసే ఆవిడ మాత్రం నవ్వకుండా, ఏమీ మాట్లాడకుండా, తన డ్రాయరులోంచి ఒక విజిటింగ్ కార్డు తీసి స్కేలు కింద పెట్టి జరిపింది. ఒక లాయరు పేరు. కార్డు వెనక వైపు పెన్సిలుతో, 'మంచిది. అరవదు' అని రాసి ఉంది.

లాయరమ్మ నిజంగానే అరవలేదు. ఎప్పుడూ దగ్గుతూ ఉండే సన్నటి మనిషి. అర్జీ చదివి, చార్టు చూసి, "లెక్క సరిగ్గానే వేశాడు" అంది.

ముత్యాలు చార్టు మడత పెట్టబోయింది.

"లెక్క సరే. కానీ ఆ సెక్షనులోనే ఇంకొక్క వాక్యం ఉంది, అది మీ ఆయన మీకు చెప్పలేదు. ఇద్దరి కుటుంబాల్లోనూ అలాంటి పెళ్ళిళ్ళు చేసుకునే ఆచారం ఉంటే ఆ పెళ్ళి చెల్లుతుంది. అయితే ఆచారం ఉందని మీరే రుజువు చెయ్యాలి. ఒక్క పెళ్ళి చూపిస్తే చాలదు. చాలాకాలంగా, తెగిపోకుండా నడుస్తూ ఉండాలి. మీవాళ్ళలో దగ్గర చుట్టాల్ని చేసుకున్నవాళ్ళు ఎవరున్నారు?"

"అందరూ అంతేనండి."

"అందరూ అంటే కోర్టు రాసుకోదమ్మా. ఎవరు ఎవర్ని చేసుకున్నారో చెప్పండి."

ముత్యాలు మెల్లగా అంది. "మా అత్తగారు మా మామగారికి సొంత అక్క కూతురండి. ఆయన పోయేదాకా ఆయన్ని మావయ్యా అనే పిలిచేది."

లాయరమ్మ దగ్గు ఆగిపోయింది. అర్జీ మళ్ళీ తిరగేసింది. 'మా కుటుంబంలో ఇట్టి వివాహములు చేసుకొను ఆచారము ఎన్నడునూ లేదు' అన్న వాక్యం మీద వేలు పెట్టింది. దాని కింద ప్రమాణం చేసి పెట్టిన సంతకం. "మేనమామ అయితే ఇంకా దగ్గర. ఆచారం లేకపోతే ఆ పెళ్ళి అసలే నిలబడదు" అంది. "ఇది రాసేటప్పుడు ఈయనకి తన తల్లి గుర్తు రాలేదా?"

రాలేదు. ముత్యాలుకి అది వింతగా కూడా అనిపించలేదు. చార్టులో ఆవిడ లేదు. కూతురి కూతురిగా లేదు, కోడలిగానూ లేదు. లెక్కల మాస్టారు కాగితం మీద ఉన్నవాళ్ళనే లెక్కపెట్టాడు. అమ్మంటే ఆయనకి అమ్మే. అడిగినప్పుడు మంచినీళ్ళిచ్చేది, అడక్కుండా తన వైపు మాట్లాడేది. ఆవిడ ఎవరికి పుట్టింది, ఎవరికి ఎవరయ్యింది, ఏ వయసులో తన మేనమామ ముందు తలొంచుకుని కూర్చుంది, ఇవన్నీ ఆయన ఎప్పుడూ అడగలేదు.

"ఆ ఇల్లు వదలకండి" అని చెప్పి పంపించింది లాయరమ్మ. వాన పడుతుంటే వీధి చివరి దాకా గొడుగు పట్టుకుని తనే వచ్చింది.

ఆ మర్నాటి నుంచి ముత్యాలు రెండో చార్టు మొదలుపెట్టింది. మగవాళ్ళ చార్టు మీద ట్రేసింగ్ కాగితం పరిచి, అందులో ఆడవాళ్ళని గీసింది. ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది. పందొమ్మిదేళ్ళుగా అత్తగారు కూరగాయలు తరుగుతూ సణిగినదంతా ఆమె చెవుల్లో ఉంది. "మా పెద్దమ్మ కూతుర్ని కట్టబెట్టారు ఆ తాగుబోతు మామకి, ఏడ్చి ఏడ్చి చచ్చింది." "మీ మామగారి బాబాయి మేనత్త కూతుర్ని వద్దంటే, దాని కొంప ఎవరు కాపాడతారని బలవంతాన చేశారు." "నన్నడిగారా? పదిహేనేళ్ళు నాకు. మావయ్య వచ్చాడని పరుగెత్తుకుంటూ ఎదురెళ్ళాను. నన్ను చూసుకోవడానికొచ్చాడని తెలీదు." ఎవరికీ పనికిరాని మాటలని ఆమె కూడా అనుకునేది, పోపు మాడకుండా చూసుకుంటూ సగం సగం వినేది. ఇప్పుడు ఒక్కొక్క సణుగుడూ ఒక్కొక్క గీత అయింది. నాలుగు తరాల్లో తొమ్మిది పెళ్ళిళ్ళు తేలాయి. ఆ తొమ్మిదింట్లో ఎవరైనా ఇష్టపడి చేసుకున్నారా అంటే, అత్తగారి సణుగుడులో అలాంటిది ఒక్కటీ లేదు. తనని కాపాడబోయేది ఈ ఆచారమా అని ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, మళ్ళీ గీసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తగారు టేబులు దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని వంగింది.

"ఇదెవరు?"

"మీరే అత్తయ్యా."

ఆవిడ వేలితో తన పేరు తడిమింది. అక్షరం అక్షరం. ఒక్కసారి ఆ ముఖంలోకి పదిహేనేళ్ళ పిల్ల ఎవరో వచ్చి తొంగి చూసి వెళ్ళినట్టయింది. "బాగా రాశావే" అంది. అత్తగారి నోట కోడలికి దక్కిన మొదటి మెచ్చుకోలు అది, మూడు లెక్కపెట్టేంతసేపు ఉంది. తర్వాత ఆవిడ వేలు పక్కకి జరిగి, తన పేరుకీ మామగారి పేరుకీ మధ్య గీసిన జంట గీత మీద ఆగింది. దాని మీద ఒకటి అని అంకె వేసి ఉంది.

"ఈ అంకెలేమిటి?"

ముత్యాలు చెప్పింది. దాచకుండా అంతా చెప్పింది. కొడుకు ఏం రాసి సంతకం పెట్టాడో, దానికి లాయరమ్మ ఏమని అడగబోతోందో.

"నా పెళ్ళిని కోర్టుకెక్కిస్తావా?" అంది అత్తగారు. గొంతు ఒక్కసారిగా ముసలిదైపోయింది. "నీ కాపరం నిలబెట్టుకోడానికి నా కాపరం బజార్న పెడతావా? ఆయన పోయి రెండేళ్ళు కాలేదు. పోయినాయనకి నన్ను ఉంచుకున్నదాన్ని చేస్తావా?"

"నేను చెయ్యడం లేదత్తయ్యా. మీ అబ్బాయి చేశారు. మీరు కోర్టుకొచ్చి, మా ఇంట్లో ఆచారం ఉంది, మా అందరివీ అలాంటి పెళ్ళిళ్ళే అని ఒక్క మాట చెప్పండి. మీదీ నిలబడుతుంది, నాదీ నిలబడుతుంది."

"కన్నకొడుకు మీద సాక్ష్యం చెప్పనా? నీ కోసమా?" ఆవిడ నవ్వింది. "వాడట్లా అనడు. నా సంగతి వచ్చేసరికి వాడే కేసు వెనక్కి తీసుకుంటాడు చూడు. వాడు నా కొడుకు. ఆ ప్రశ్న మాత్రం అడిగించకు. అడిగిస్తే నీ పాపాన నువ్వే పోతావు."

ఆ సాయంత్రం అత్తగారు కొడుకుతో తలుపేసుకుని మాట్లాడింది. బయటికి వచ్చి, "వాడు చూసుకుంటానన్నాడు" అంది గర్వంగా. కేసు మాత్రం వెనక్కి రాలేదు.

వాయిదా నాటి ఉదయం లాయరమ్మ కోర్టు మెట్ల మీద అడిగింది. "ఆ ప్రశ్న అడగమంటారా? పెద్దావిడ కూడా వచ్చింది, కొడుకు పక్కనే కూర్చుంది. ఆవిడ వినాల్సొస్తుంది."

ముత్యాలు లోపలికి చూసింది. బెంచీ మీద అత్తగారు, ఒళ్ళో మంచినీళ్ళ సీసా. కొడుకు బోనులో నిలబడి గొంతెండిపోతే ఇవ్వడానికి తెచ్చింది. 'లే, లేచి వడ్డించు' అన్న గొంతు ముత్యాలు చెవుల్లో ఇంకా ఉంది. వినాలి, వినితీరాలి అనిపించింది ఆమెకి, ఆ కోరిక తియ్యగా కూడా ఉంది. ఆ తీపిని ఆమె తన దగ్గర తను దాచుకోలేదు.

"అడగండి" అంది.

భర్త బోనెక్కాడు. తెల్ల చొక్కా. ఆ చొక్కా కూడా ఆమే ఇస్త్రీ చేసింది, ముందురోజు సాయంత్రం, ఆయన మంచం మీద పడేసి వెళితే. లాయరమ్మ దగ్గి, గొంతు సవరించుకుంది.

"మీ కుటుంబంలో దగ్గర చుట్టాల్ని పెళ్ళి చేసుకునే ఆచారం ఉందా?"

"లేదు."

"ఎప్పుడూ లేదా?"

"నాకు తెలిసి లేదు."

"మీ అమ్మగారు, పెళ్ళికి ముందు, మీ నాన్నగారికి ఏమవుతారు?"

ఆయన లాయరు లేచి ఏదో అనబోయాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపి, "చెప్పండి" అంది.

"అక్క కూతురు."

"సొంత అక్క కూతురేనా?"

"అవును."

"మరి ఆ పెళ్ళి ఆచారం ప్రకారం జరిగిందా, లేక అదీ చెల్లదంటారా?"

ఉందంటే కేసు పోతుంది. లెక్కల మనిషికి అది తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక్కసారి బెంచీ వైపు చూశాడు. అత్తగారు ధైర్యంగా తలూపింది, చెప్పరా నాన్నా అన్నట్టు. మంచినీళ్ళ సీసా మూత కూడా తీసి పట్టుకుంది.

"అదీ చెల్లదు" అన్నాడు.

జడ్జిగారి కలం ఆగింది. "ఆలోచించుకునే అంటున్నారా? రాసుకోమంటారా ఆ మాట?"

"రాసుకోండి. అప్పట్లో వాళ్ళకి చదువుల్లేవు, చట్టం తెలీక చేసుకున్నారు. అది ఆచారం కాదు, తప్పు. చట్టప్రకారం మా అమ్మ మా నాన్నగారికి భార్య కాదు. పిల్లలకైతే ఇబ్బంది లేదు, నేను సక్రమ సంతానమే."

ఆ చివరి మాట ఆయన అడక్కుండానే చేర్చాడు. తనకేం కాదని ముందే కనుక్కుని వచ్చాడు. తలుపేసుకున్న గదిలో చూసుకుంటానన్నది అదే.

అత్తగారు అంతసేపూ తీసి పట్టుకున్న మూతని సీసాకి పెట్టబోతే వేళ్ళు పట్టు తప్పి, మూత కింద పడి దొర్లుకుంటూ వెళ్ళింది. దాన్ని బంట్రోతు వంగి తీసి, తన చొక్కాకి తుడిచి, ఆవిడ చేతికిచ్చాడు. ముత్యాలు తను కోరుకున్నది చూసింది. చూశాక, ఉదయం ఉన్న తీపి నాలిక మీద ఎక్కడా లేదు. ఎవరో తన చెంప మీదే కొట్టినట్టు ముఖమంతా మండింది.

మధ్యాహ్నం విరామంలో అత్తగారు వరండాలో స్తంభాన్ని ఆనుకుని ఒక్కతే నిలబడి ఉంది. కొడుకు లాయరుతో క్యాంటీనుకి వెళ్ళాడు. ముత్యాలు కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడ కూర్చుని, ఎటో చూస్తూ అడిగింది.

"మావయ్యకి నేనేమవుతానే?"

యాభై ఐదేళ్ళ కాపరం చేసిన మనిషి తన కోడల్ని అడగాల్సిన ప్రశ్న కాదది. ముత్యాలు ఆవిడ ముందు గొంతుక్కూర్చుంది.

"భార్యవుతారు అత్తయ్యా."

"కాదని రాసుకున్నారుగా."

"ఆయనన్న మాట రాసుకున్నారు. మీరు చెప్పిందీ రాసుకుంటారు. సాక్షుల పట్టీలో లాయరమ్మ మీ పేరు కూడా ఇచ్చింది. మా వంతు వచ్చినప్పుడు పిలిపిస్తారు, చెప్తే."

అత్తగారు ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. తర్వాత ఆ గొంతు మళ్ళీ తన పాత చోటికి వచ్చి నిలబడింది. "చెప్తాను. తొమ్మిది కాదు, పదకొండు పెళ్ళిళ్ళు. రెండు నువ్వు వదిలేశావు. అన్నీ చెప్తాను. ఇప్పుడే పిలవమను. కానీ ఒక మాట. నేను చెప్పాక నువ్వు ఇంట్లోంచి కదలకూడదు. ఇక మీదట వాడి కంచంలో నా చేత్తో మెతుకు పెట్టలేను. వాడికి నువ్వే వండిపెట్టాలి, నన్నూ నువ్వే చూడాలి. భార్యవని నేను సాక్ష్యం చెప్తుంటే భార్యలాగా ఉండొద్దూ మరి?"

ఊఁ అంటే చాలు. ముత్యాలు నాలిక చివర దాకా వచ్చింది ఆ ఊఁ. ఆవిడ సాక్ష్యం లేకపోతే ట్రేసింగ్ కాగితం వట్టి కాగితమని లాయరమ్మ ముందే చెప్పింది. పందొమ్మిదేళ్ళు ఎన్నోసార్లు ఊఁ అంది, ఒక్కసారీ మనసులో ఉన్నది అనలేదు. ఇంకొక్కటి అంటే ఏం పోతుంది? అని, గెలిచి, తర్వాత మాట తప్పొచ్చు. కానీ ఈ ముసలిదాన్ని ఇవాళ ఒకడు మోసం చేశాడు. ఒక్క రోజుకి ఒకటి చాలు.

"ఉండనత్తయ్యా" అంది. "అబద్ధం చెప్పి మిమ్మల్ని బోనెక్కించను. నేను గెలిచిన మర్నాడు విడాకులకి అర్జీ పెడతాను. అమ్మాయి నాతో వస్తానంటే వస్తుంది, లేకపోతే లేదు. మీరు వస్తానంటే మీక్కూడా చోటుంటుంది. ఆయనకి మాత్రం నేను వండను. ఇది విన్నాక మీరు చెప్పకపోయినా నేనేమీ అనుకోను. చెప్తే మాత్రం మీ కోసం చెప్పండి."

అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. కోపంతో లేచిందో, వెళ్ళిపోవడానికి లేచిందో ముత్యాలుకి తెలియలేదు. కోర్టు హాలు తలుపు దాకా నడిచి, ఒక చెయ్యి తలుపు మీద వేసి, వెనక్కి తిరిగింది.

"నాకర్థం కాదే. వదిలేసేదానివి, ఈ గోలంతా ఎందుకు? వాడే నిన్ను వదిలేస్తానంటుంటే!"

"ఆయన వదిలెయ్యడం లేదత్తయ్యా. నేను అసలు లేనే లేనంటున్నారు" అంది ముత్యాలు, ఆవిడ కోసం తలుపు తెరిచి పట్టుకుంటూ. "ముందు ఉన్నానని తేలనీండి. అప్పుడు నేను వదిలేస్తాను."